తోడుకుందా అని అడిగే సారు

మా అమ్మాయి డాక్టరైందండీ! ఆగలేక ముందు ఆ మాట రాసేస్తున్నాను. ఆగి, కుదురుగా కూర్చుని రాయాల్సిన మాట వేరే ఉంది. మా అమ్మాయిని డాక్టరుని చేసిన సారు, తోటల కాలేజీ ప్రొఫెసరు గారు, అదే రోజున, అదే పూట పోయారు. రెండు కబుర్లూ నాకు ఒకే ఫోన్లో, ఒకే మాటలో వచ్చాయి. ఆ మాటని నేను తప్పుగా విన్నాను. విని, చల్లపల్లి సెంటర్లో లడ్డూలు పంచాను. అందుకని ఏది ముందు రాయాలో, ఏది తర్వాత రాయాలో, ఏ ముఖం పెట్టుకుని రాయాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. చదివేవాళ్ళు మన్నించాలి.

సార్ గారి ఇంటి దగ్గర ఆయన్ని తలుచుకుంటూ ప్రార్థనతో జరిపిన ఆదరణ కూడికలో నా చేతికి కూడా మైకు ఇచ్చారు. లేచి నిలబడి "సారు..." అన్నాను. అక్కడే ఆగిపోయాను. సరే, సంతోషమైన మాట చెబుదామని "మా అమ్మాయి..." అన్నాను. అదీ అంతే. మైకు పక్కవాళ్ళకి ఇచ్చేసి కూర్చున్నాను. తర్వాత సార్ గారి శిష్యులు వచ్చి, ఆయన మీద ఒక పుస్తకం వేస్తున్నాం, ఆ చెప్పలేనిదేదో రాసివ్వండి అన్నారు. నా చదువు ఏడో తరగతి. తప్పులుంటే మా అమ్మాయి దిద్దుతుంది. దిద్దొద్దమ్మా అని చెప్పాను. అయినా దిద్దుతుంది.

సారు మా ఊరికి మొదటిసారి వచ్చిన ఏడు పసుపుకి దుంపకుళ్ళు తగులుకుంది. మాది చల్లపల్లి దాటి కిందికి వెళితే కృష్ణ పాయల మధ్య ఉన్న లంక. పసుపు, అరటి, కంద, ఇవే మా బతుకు. దుంపకుళ్ళంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. పైన ఆకులు అంచుల నుంచి ఎండుకుంటూ వస్తాయి. పీకి చూస్తే కింద దుంప మెత్తగా, కంపు కొడుతూ చేతిలో చితికిపోతుంది. ఎవరో పెద్ద ప్రొఫెసరు గారు వస్తున్నారని తెలిసి రైతులందరం కుళ్ళిన మొక్కలు చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాం, ఎవరిది ఎక్కువ కుళ్ళిందో పోటీ పడుతున్నట్టు.

ఆయన మా చేతుల్లోవి చూశారు. ఒక్కటి కూడా పట్టుకోలేదు.

"చచ్చినవి నేను చాలా చూశానండీ. బతికింది ఉంటే చూపించండి" అన్నారు.

మా బాబాయి కొడుకు ఒకడున్నాడు, నాకు తమ్ముడి వరస, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. వాడు ఊరుకుంటాడా? "అదేంటి సార్, బతికినదాంతో మీకేం పని? సంబంధం చూడ్డానికొచ్చారా?" అన్నాడు.

"అవునండీ. పిల్ల బాగుంటే వెంటబెట్టుకుపోతాను" అన్నారు సారు.

మా చేలో డ్రెయిను పక్కన, చుట్టూ అంతా పోయినా ఒక జానెడు మేర పచ్చగా నిలబడిన చోటు ఉంది. అక్కడికి తీసుకెళ్ళాను. ప్యాంటు తడుస్తుందని కూడా చూసుకోకుండా చతికిలబడిపోయారు. వేళ్ళతో మట్టి గుల్లచేసి, వేళ్ళకి అంటిన మట్టితో సహా మొక్కని పైకి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టారు.

"ఏం వాసన?"

"మట్టి వాసనండీ."

"మట్టికి వాసన లేదండీ. ఇది ఇందులో కాపురం ఉన్నవాళ్ళ వాసన" అన్నారు. "ఇంత చేను పడిపోతే ఇది ఎందుకు పడలేదు? దీని పక్కన ఎవరో నిలబడ్డారు. ఆ ఎవరో తెలుసుకోవడమే నా ఉద్యోగం."

చొక్కా జేబులో ఎప్పుడూ మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్లుండేవి. పెళ్ళికి వచ్చినా ఉండేవి. పెన్ను లేకపోయినా ఉండేవి. ఆ మొక్కని అందులో పెట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని కరకట్ట ఎక్కారు. మా తమ్ముడు వెనక నుంచి, "పిల్ల నచ్చిందర్రోయ్!" అని కేకేశాడు.

అసలు కథ ఆ సాయంత్రం మా అరుగు మీద జరిగింది. రైతులందరినీ కూర్చోబెట్టి సారు "మేలు చేసే సూక్ష్మజీవులు" అని మొదలుపెట్టారు. నేలలోనే ఉంటాయనీ, వేరుని అంటిపెట్టుకుని కుళ్ళుని దగ్గరికి రానివ్వవనీ, వాటిని పొడిలో కలిపి తెస్తాననీ, మనమే చేలో వెయ్యాలనీ చెప్పుకుపోతున్నారు. మా తమ్ముడు చెయ్యెత్తాడు.

"సూక్ష్మజీవులంటే పురుగులేగా సార్?"

"పురుగులు కావండీ. కంటికి కనపడనివి."

"కనపడని పురుగులు."

"పోనీ అలాగే అనుకోండి."

"కనపడే పురుగులతోనే చస్తున్నాం సార్. కనపడనివి తెచ్చి, అవి కూడా మేమే మేపాలా?"

అరుగంతా గొల్లుమంది. సారు కూడా నవ్వారు గానీ, ఆయన ముఖంలో చిన్న దిగులు కనిపించింది నాకు. ఎంతో దూరం నుంచి మోసుకొచ్చిన మాట వాకిట్లోనే పడిపోయినట్టు. లోపలికి తిరిగి మా ఇంటావిడని అడిగారు.

"అమ్మా, కాస్త తోడుంటే ఇస్తారా? ఒక చెంచాడు చాలు."

మా ఇంటావిడ గడప లోపలే నిలబడి, "ఇప్పుడే దీపం పెట్టానండీ. దీపం పెట్టాక తోడు గడప దాటించకూడదు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "సారు అడుగుతుంటే ఇవ్వనంటావేంటే!" అన్నాను.

"సారు కాదు, కలెక్టరొచ్చినా ఇవ్వను."

సారు వాళ్ళది ప్రార్థన చేసుకునే కుటుంబం. మా దీపాల పట్టింపులు ఆయనకి లేవు. అయినా ఒక్క మాట తక్కువ చెయ్యలేదు. "దాటించొద్దమ్మా. ఇంట్లోనే, మీ చేత్తోనే పాలల్లో వెయ్యండి. మేం గడప ఇవతల నుంచే చూస్తాం" అన్నారు. ఊళ్ళో మగాళ్ళందరూ మా గడప దగ్గర మూగి, ఒకళ్ళ భుజం మీద నుంచి ఒకళ్ళు తొంగిచూస్తూ, మా ఇంటావిడ పాలు తోడెయ్యడం చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

"ఎంత వేశారమ్మా?"

"చెంచాలో సగం కూడా లేదండీ."

"అన్ని పాలకి అంతే చాలా?"

"చాలండీ. తెల్లారేసరికి మిగతాది అదే చూసుకుంటుంది."

"పాలు మరుగుతుంటే వేస్తారా?"

"మరిగే పాలల్లో వేస్తే చచ్చిపోదటండీ!"

"ఏది చచ్చిపోతుంది?"

మా ఇంటావిడ ఆగిపోయింది. చెంచా వైపు చూసింది. "అదేనండీ... తోడు" అంది, తనకే కొత్తగా వినిపించినట్టు.

సారు మా వైపు తిరిగారు. "నేను సాయంత్రం నుంచీ చెబుతున్నది ఇదేనండీ. నేను తెచ్చేది పురుగుల్ని కాదు. చేనుకి తోడు. మాగిన పశువుల ఎరువులో వేసి, బెల్లం నీళ్ళు చల్లి, నీడన గోనెపట్టా కప్పి వదిలేస్తే మిగతాది అదే చూసుకుంటుంది. దాని మీద మళ్ళీ మందులు గుమ్మరించారో, మరిగే పాలల్లో వేసినట్టే."

మా తమ్ముడు నోరు మూసుకున్నాడు. ఆ వింత కూడా మా ఊరు ఆ రోజే చూసింది.

ఆ రాత్రికి సారు చల్లపల్లిలో ఉండిపోయి పొద్దున్నే మళ్ళీ వచ్చారు. చేలోకి వెళ్ళకుండా నేరుగా మా ఇంటికే. "తోడుకుందా అమ్మా?" అని అడిగారు. మా ఇంటావిడ గిన్నె తెచ్చి, మూత తీసి, కొంచెం పక్కకి వంచింది. పెరుగు కదల్లేదు. సారు తన ఖాళీ అరచేతిని కూడా గిన్నెలా పట్టుకుని, అలాగే పక్కకి వంచారు.

ఇక ఆ రోజు నుంచీ ఆ మాట, ఆ చెయ్యి ఆయనకి అలవాటైపోయాయి. ఏ ఊళ్ళో మీటింగు పెట్టినా తోడు అనే అనేవారట. పిల్లలు చేసే ప్రయోగం ఎలా ఉందని అడగాలన్నా, ఎవరికైనా ఉద్యోగం వచ్చిందా అని అడగాలన్నా, పెళ్ళి కుదిరిందా అని అడగాలన్నా, అరచెయ్యి వంచి "తోడుకుందా?" అనేవారు. కాలేజీలో తోటివాళ్ళు వెనకాల పెరుగు ప్రొఫెసరు అనుకునేవాళ్ళట. ఆ సంగతి నాకు సారే చెప్పి, "మజ్జిగ ప్రొఫెసరు అన్నారు కాదు, నయం" అని నవ్వారు.

ఆ ఏడే మా అమ్మాయికి ఇంటరు అయింది. దాని చిన్నప్పటి నుంచీ నేను ఊరంతా చెప్పుకు తిరిగాను, మా అమ్మాయి డాక్టరవుతుంది, మా అమ్మాయి డాక్టరవుతుంది అని. సీటు రాలేదు. అది గదిలోంచి బయటికి రావడం మానేసింది. నేను సెంటరుకి వెళ్ళడం మానేశాను. సారు ఒకసారి వచ్చినప్పుడు దాని ఏడుపు విని, సంగతేమిటని అడిగారు. తలుపు దగ్గర నిలబడి దాంతో అన్నారు: "అమ్మా, మీ నాన్న ఊరందరికీ చెప్పేశారట కదా. మాట పోకూడదు. డాక్టరే అవుదువుగాని. నా దగ్గరికి రా. మనకి పేషెంట్లు మాట్లాడరు, అదొక్కటే కష్టం."

అది బయటికి వచ్చింది. తోటల కాలేజీలో చేరింది. చదువు మీద చదువు చదివింది. సారు రిటైరయ్యే ముందు చేర్చుకున్న ఆఖరి పరిశోధన విద్యార్థి మా అమ్మాయే.

ఒక్క మాట మాత్రం రాయకపోతే సారు ఊరుకోరు. ఆయన తెచ్చిన పొడి మొదటి ఏడు మా చేలో పనిచెయ్యలేదు. చెప్పినట్టే ఎరువులో వేశాం, ఆకుపచ్చ నూగులాంటిది బాగానే పట్టింది, చేలో చల్లాం. వానలకి నీళ్ళు నిలిచాయి. పసుపు మళ్ళీ కుళ్ళింది. సారు వస్తున్నారంటే మా వాళ్ళంతా మళ్ళీ గట్టు మీద చేరారు.

"ఏం సార్, పాలు విరిగాయా?" అన్నాడు మా తమ్ముడు. ఈసారి వాడి గొంతులో వేళాకోళం తక్కువ, మంట ఎక్కువ. వాడి చేను కూడా పోయింది మరి.

వేరే వాళ్ళయితే వానని అనేవాళ్ళు, లేకపోతే మీరు సరిగ్గా వెయ్యలేదనేవాళ్ళు. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "విరగలేదండీ, తోడుకోలేదు. తప్పు పాలది కాదు, నాది. సీసాలో బ్రహ్మాండంగా పనిచేసింది, మీ చేలోకి వచ్చేసరికి చెయ్యలేదు. ఎక్కడి మట్టిలోదో తెచ్చి ఇక్కడ వేశాను. పక్క లంక వాళ్ళు అడిగితే ఇదే చెప్పండి. సార్ మందు పనిచెయ్యలేదని చెప్పండి" అన్నారు.

కాసేపటికి మా తమ్ముడే వెళ్ళి టీ తెచ్చి ఆయన చేతికిచ్చాడు. "తాగండి సార్. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. అలాంటి మాట వాడి నోట నేను మళ్ళీ వినలేదు.

అప్పుడు సారు మళ్ళీ మా డ్రెయిను పక్క మట్టి దగ్గరికే వెళ్ళారు. ఆ వేరు మీద కాపురమున్న ఒకదాన్ని పట్టుకుని, దాన్నే పెంచి, మా మట్టిలోది మా మట్టికే వేశారు. అదేదో మహిమ చేసిందని నేను రాయను. లోతు చేలల్లో ఇప్పటికీ కుళ్ళు వస్తుంది. కానీ మెరక మీద పసుపు నిలబడింది. నీళ్ళు నిలిచినప్పుడు దానికేమవుతుంది, నీళ్ళలో కూడా ఊపిరి బిగబట్టి బతికేది ఎక్కడైనా ఉందా, ఇదే మా అమ్మాయి పరిశోధన. ఏళ్ళ తరబడి లంకల్లో బురద తొక్కింది. మధ్యలో చాలాసార్లు ఏడ్చింది. ఇక మానేస్తానంటే సారు అనేవారట: "గిన్నె ఊరికే కదిపి చూడకమ్మా. కదిపితే తోడుకోదు."

ఇప్పుడు ఆ రోజు సంగతి.

సారు కొన్ని నెలలుగా మంచం మీద ఉన్నారు. చివరికి విజయవాడలో ఆస్పత్రిలో చేర్చారు. మా అమ్మాయికి వైవా వచ్చింది. వైవా అంటే రాసిన పరిశోధన మీద పెద్దలందరూ కూర్చుని ప్రశ్నలు వేసే ఆఖరి పరీక్ష. సార్ కుర్చీలో వేరే ప్రొఫెసరు గారు కూర్చుంటారన్నారు. వాయిదా వేయించుకుంటానని మా అమ్మాయి ఆస్పత్రికి వెళితే, సారు మాట సరిగా రాకపోయినా చెయ్యి అడ్డంగా ఊపి వద్దన్నారట. "అది తోడుకుందని వినే పోతాను" అని భార్యతో అన్నారట. అందుకని మా ఇంట్లో అందరికీ ఒకటే ఆరాటం. దేవుడా, ఆ కబురు ఆయన చెవిన పడేదాకా ఆగు.

మా లంకలో సిగ్నలు సరిగా రాదని నేను పొద్దున్నే చల్లపల్లి సెంటరుకి వచ్చి టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. ఎండ ఎక్కాక ఫోను మోగింది. మా అమ్మాయి. ఏడుస్తోంది.

"నాన్నా... అయిపోయింది నాన్నా."

"అయిపోయిందా! మా తల్లే! అయిపోయిందా!"

"సార్..." అంది. ఇంతలో బస్సు హారను, పక్కన ట్రాక్టరు. ఫోను కట్టయిపోయింది.

అయిపోయింది అంటే నేనేం అనుకోవాలి చెప్పండి? పొద్దుట్నుంచీ కూర్చున్నది వైవా అయిపోవడం కోసం. పెళ్ళి అయిపోయినా అయిపోయిందే, పరీక్ష అయిపోయినా అయిపోయిందే. ఆ మాటలో ఇంకొకటి కూడా ఉంటుందని ఆ క్షణాన నాకు తట్టలేదు. ఆడపిల్ల, సంతోషానికి ఏడుస్తోంది, సార్‌ని తలుచుకుంటోంది అనుకున్నాను. లేచి మిఠాయి కొట్టుకి వెళ్ళి పెద్ద పెట్టె లడ్డూలు కట్టించాను.

టీ కొట్టు కుర్రాడు, "ఏంటి బాబాయ్, ఇవాళ నేల మీద నిలవట్లేదు!" అన్నాడు.

"మా అమ్మాయి డాక్టరైందిరా!"

"ఏ ఆస్పత్రిలో?"

"ఆస్పత్రి కాదురా. మట్టి డాక్టరు."

"మట్టికి కూడా జొరం వస్తుందా బాబాయ్?"

"వస్తుందిరా, నీకే తెలీదు. తిను" అని వాడి నోట్లో లడ్డూ కుక్కాను. రిక్షావాళ్ళకి, పూలకొట్టు ఆవిడకి, బస్సు కోసం నిలబడ్డ ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా పెట్టాను. ఒకావిడ, "మరి నా మోకాళ్ళ నెప్పికి చూస్తుందా అండీ అమ్మాయి?" అని అడిగితే, "చూస్తుందమ్మా, ఎందుకు చూడదు!" అన్నాను. ఆ పూట ఎవరు ఏది అడిగినా ఇచ్చేసేవాణ్ణి.

సగం పెట్టె సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేసరికి మా ఇంటావిడ వాకిట్లో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చెప్పిందా నీకు కూడా?" అన్నాను నవ్వుతూ.

"చెప్పడమేంటండీ, ఆ నవ్వేంటి? సారు పోయారు. పక్కింటి కోడలు ఫోన్లో శ్రద్ధాంజలి ఫోటో చూపించింది."

అయిపోయింది అన్న మాట అప్పుడు నాకు రెండోసారి వినిపించింది.

అంటే నేను దేనికి లడ్డూలు పంచినట్టు? వైవా జరిగిందా, జరగలేదా? సారు పొద్దున్నే పోయి ఉంటే వైవా ఎక్కడిది? ఒకవేళ జరిగితే, ఆయనకి తెలిసిందా? మా ఇంటావిడ ఏదో అడుగుతోంది, నాకు వినపడ్డం లేదు. నా నోట్లో ఇంకా లడ్డూ తీపి ఉంది. కడుక్కుంటే పోలేదు.

ఉన్నపళాన బస్సెక్కి విజయవాడ పటమటలో సార్ గారి ఇంటికి వెళ్ళాం. కంగారులో అదే సంచిలో తువ్వాలు, నీళ్ళ సీసా పెట్టుకుని వచ్చేశాను. ఇంటి ముందు షామియానా. లోపల పాటలు పాడుతున్నారు. సారు పెట్టెలో తెల్లచొక్కాతో ఉన్నారు. జేబు చూశాను. కవర్లు లేవు. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

మా అమ్మాయి వచ్చి నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. అడుగుదామంటే ఏ మాటతో అడగాలి? అయిపోయిందా అని అడగలేను కదా. "తల్లీ, పొద్దున... అది... ఏమైంది?" అన్నాను.

"ఊపిరి అందలేదట నాన్నా" అంది.

"అది కాదమ్మా... అదీ..."

"ఏది నాన్నా?"

ఇంతలో సార్ గారి భార్య మమ్మల్ని చూశారు. ఆవిడ నన్ను మొదటి నుంచీ అన్నయ్యగారూ అంటారు. ఆ రోజు అంత దుఃఖంలో, పక్కనున్న తన తమ్ముడితో అన్నారు: "డాక్టరమ్మ నాన్నగారొచ్చారురా. కుర్చీ ఫ్యాను కిందికి వెయ్యి."

డాక్టరమ్మ నాన్నగారు! ఆ మాట నేను చావు ఇంట్లో విన్నాను. ఏడుస్తున్నవాణ్ణి ఏడుస్తూనే ఉన్నాను గానీ, లోపల ఏదో ఎగిరి గంతేసింది. సిగ్గేసింది. మళ్ళీ గంతేసింది. దేవుడు మనిషికి ముఖం ఒక్కటే ఎందుకిచ్చాడో నాకు అర్థం కాలేదు.

సమాధి దగ్గర నుంచి తిరిగివచ్చి బస్టాండులో కూర్చున్నప్పుడు మా అమ్మాయి నా సంచి వైపు చూసింది. చీమలు బారు కట్టాయి. సంచి విప్పి, పెట్టె తీసింది.

"ఇవేంటి నాన్నా?"

చెప్పాను. ఫోను, బస్సు హారను, అన్నీ.

"నేను సార్ సంగతే చెప్పాను నాన్నా. వైవా సంగతి చెప్పాలని తోచనే లేదు" అంది. "పంచేశావా?"

"సగం పంచాను."

అది నన్ను అలా చూస్తూ, ఒక్కసారిగా నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చేసింది. అప్పుడు చెప్పింది, వైవా ముందే పూర్తయిందనీ, పెద్దలు లేచి నిలబడి డాక్టర్ అని పిలిచారనీ, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేసి ఆంటీకి, అంటే సార్ గారి భార్యకి, చెప్పిందనీ. ఆ తర్వాత కాసేపటికే ఆంటీ తిరిగి ఫోన్ చేసి ఆయన పోయారని చెప్పారు. "కానీ ఆయనకి వినిపించిందో లేదో నేను అడగలేకపోయాను నాన్నా. ఆవిణ్ణి ఏమని అడగను?" అంది. "అది తెలిసేదాకా ఎవరికీ చెప్పొద్దు నాన్నా. నాకు ఈ డాక్టరు పిలుపు ఒంటికి పట్టట్లేదు."

అంత కబురు కడుపులో పెట్టుకుని, చుట్టాల ఫోన్లు ఎత్తకుండా, ఆదరణ కూడిక రోజు దాకా నేను ఎలా ఉన్నానో నాకే తెలుసు. ఊళ్ళో వాళ్ళయితే లడ్డూలు తిన్నారు కాబట్టి, ఎప్పుడు ఆస్పత్రి పెడుతుందని అడుగుతూనే ఉన్నారు.

ఆ రోజు మైకు ఇచ్చేసి కూర్చున్నానని చెప్పాను కదా. జనం భోజనాలకి లేచాక సార్ గారి భార్య మా ముగ్గుర్నీ వంటింట్లోకి పిలిచారు.

"ఏం అన్నయ్యగారూ, ఆ రోజు లడ్డూలు తెచ్చారట. అమ్మాయి చెప్పింది. సెంటరంతా పెట్టి నాకు ఒక్కటీ పెట్టలేదే!" అన్నారు. నేను తల దించుకున్నాను.

ఆవిడ మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు అడగలేక తిరుగుతున్నావు, నేను చెప్పలేక తిరుగుతున్నాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. చెవి దగ్గర వంగి, అమ్మాయిది అయిపోయిందండీ అన్నాను. ఆయన కనుబొమలు ముడిచారు. నాకు భయమేసింది. పెదాలు కదిపారు. చెవి పెట్టి విన్నాను. 'అయిపోవడం కాదు... తోడుకుందా?' అన్నారు. తోడుకుందండీ, గట్టిగా తోడుకుంది అన్నాను. అంతే. ఇంకేం అనలేదు."

"ఏమీ అనలేదా ఆంటీ?" అంది మా అమ్మాయి.

"అనలేదమ్మా. దుప్పటి మీద చెయ్యి ఉంది కదా. అది కొంచెం పక్కకి వంచారు."

మా అమ్మాయి ఏడవలేదు. ఆవిడ చెయ్యి వదల్లేదు, అంతే. కాసేపయ్యాక ఆవిడే, "ఇక అందరికీ చెప్పుకోండి అన్నయ్యగారూ. ఆయన ఉంటే ఈపాటికి మీకంటే ముందు ఆయనే చెప్పుకు తిరిగేవారు" అన్నారు. బయలుదేరబోతుంటే లోపలికి వెళ్ళి, చిన్న గిన్నెలో తోడు తెచ్చి మా ఇంటావిడ చేతిలో పెట్టారు. "మా ఇంట్లో దీపం పట్టింపు లేదు, తీసుకెళ్ళండి" అన్నారు. మా ఇంటావిడ ఆ గిన్నెని బస్సులో ఒడిలో పెట్టుకుని, గుంట వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకుంటూ లంక దాకా తెచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో పెరుగు ఆ తోడుదే.

ఇక చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు. ఎవరితోనూ అయిపోయింది అనకూడదని మా అమ్మాయి ఒట్టు వేయించుకుంది.

గుడివాడలో మా పెద్దక్కయ్య. చెవుడు. గట్టిగా అరవాలి. సంతోషం ముందు చెప్పాలి, ఎందుకంటే రెండోది చెబితే ఇక ఏమీ వినదు.

అవనిగడ్డలో మా బావమరిది. వాడికి సార్ సంగతి ముందు చెప్పాలి. లేకపోతే ఏ జబ్బులకి చూస్తుంది బావా అని మొదలుపెడతాడు.

బందరులో మా ఇంటావిడ చెల్లెలు. వాళ్ళ అబ్బాయికి కూడా సీటు రాలేదు, గదిలోంచి బయటికి రావడం లేదట. ఆవిడకి కాదు, తలుపు దగ్గర ఫోను పెట్టించి ఆ అబ్బాయికి చెప్పాలి.

విజయవాడ వన్ టౌన్‌లో పసుపు కొట్లో పనిచేసే మా మేనల్లుడు. తోపుడుబళ్ళ గోలలో సగం మాటే వినపడుతుంది. కాబట్టి వాడికి ఫోన్ చెయ్యను. నేనే వెళ్ళి ఎదురుగా నిలబడి చెబుతాను.

మా తమ్ముడు. పక్క చేలోనే ఉన్నాడు, అన్నీ తెలుసు. అయినా చెప్పాలి. చెప్పకపోతే నాకెవడు చెప్పాడంటాడు. సారు పోయిన నాటి నుంచీ వాడు డ్రెయిను పక్క ఆ చోట కాలు పెట్టడం లేదు, గొడ్డుని కూడా పోనివ్వడం లేదు.

ఆఖరున పటమటలో సార్ గారి భార్య. అన్నయ్యగారూ అన్నాక ఆవిడా మా చుట్టమే. ఆవిడకి కొత్తగా చెప్పేదేమీ లేదు. అయినా పొద్దున్నే, మా ఇంటావిడ మూత తీసిన గిన్నె పక్కన నిలబడి ఫోన్ చేస్తాను. ఆవిడ ఎత్తగానే "తోడుకుందా అన్నయ్యగారూ?" అంటారు. ఫోన్లో కనపడదని తెలుసు. అయినా ఇక్కడ, ఖాళీ చెయ్యి కొంచెం పక్కకి వంచుతాను.